చతురస్రాల మధ్య తెల్ల గీత: ఐదు రంగుల స్క్రీన్ ప్రింట్ ఎడిషన్ వేయించేవాళ్లకు

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకూ విషయం తెలుస్తుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన చతురస్రాలు, ఒక పక్కన త్రిభుజాలు, ఐదు రంగులు. కంప్యూటర్‌లో డిజైన్ చేసుకుని, 50 ప్రతుల లిమిటెడ్ ఎడిషన్‌గా స్క్రీన్ ప్రింట్ వేయించాలనుకున్నారు, అంటే ఫ్రేముకి బిగించిన సన్నని నేతలోంచి, రంగుకో స్క్రీన్‌తో, కాగితం మీదకి సిరా దించే పని. మొదటి ప్రూఫ్‌లో, అంటే నమూనా ముద్రలో, రంగులు చప్పబడ్డాయి. ఎరుపుకీ నీలానికీ మధ్య వెంట్రుకంత తెల్ల గీత కనిపిస్తోంది. వేసినాయన "చేతిపని కదండీ, ఇంతే వస్తుంది" అన్నారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది. ఇంక్‌జెట్‌లో తీయించి, నంబర్లు వేసి, సంతకం పెడితే పోదా అని అడిగారు.

ఇంక్‌జెట్ సంగతి చివర్లో చెబుతాను. ఆ తెల్ల గీత మాత్రం పోతుంది, పోవాలి కూడా. చేతిపనికీ దానికీ సంబంధం లేదు.

నేను పదిహేడేళ్ల వయసులో విజయవాడలో ఒక పెళ్లికార్డుల షాపులో స్క్వీజీ, అంటే స్క్రీన్‌లోంచి సిరాని కిందికి తోసే రబ్బరు పట్టీ, పట్టుకున్నాను. కార్డు మీద వినాయకుడు బంగారు రంగులో, నుదుటి బొట్టు ఎరుపులో. ఆ బొట్టు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగి కంటి మీద పడితే కార్డులన్నీ వెనక్కి వచ్చేవి. ప్రతి రంగూ సరిగ్గా తన చోటే పడటాన్ని రిజిస్ట్రేషన్ అంటాం, అదేమిటో నాకు నేర్పింది ఆ బొట్టే. తర్వాత హైదరాబాద్ వచ్చి, గత పద్దెనిమిదేళ్లుగా చిత్రకారులకు ఎడిషన్లు వేస్తున్నాను. బొమ్మలున్న పనులు, బొమ్మల్లేని పనులు రెండూ వేశాను. మీలాంటి జ్యామితీయ నైరూప్యం వేయడమే అన్నిటికంటే కష్టం. చూసేవాళ్లకు మాత్రం అదే తేలిక పనిలా కనిపిస్తుంది.

ఎందుకు కష్టమంటే, చెట్టు బొమ్మలో ఆకుపచ్చ కాస్త జరిగితే ఆకు కాస్త పెద్దదైనట్టుంటుంది, ఎవరూ పట్టించుకోరు. మనిషి బొమ్మలో చూపు ముఖం మీద ఆగుతుంది. మీ డిజైన్‌లో ముఖమూ లేదు, కథా లేదు. చూపు ఎక్కడ ఆగాలి? రెండు రంగులు కలిసే అంచు మీదే. ఆ అంచు శుభ్రంగా ఉంటే రెండు రంగులూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఒకటి ముందుకొస్తుంది, ఇంకొకటి వెనక్కి పోతుంది. అంచులో తెల్ల గీత పడిందంటే రెండు రంగులకీ మధ్య గోడ కట్టినట్టే, అవి ఇక ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మీకు రంగులు చప్పగా అనిపించడానికి సగం కారణం సిరాలో లేదు, ఆ గీతలోనే ఉందని నా అనుమానం.

చతురస్రంలో చతురస్రం అనగానే గుర్తొచ్చే చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్. 1888లో జర్మనీలో పుట్టి, అక్కడి బౌహౌస్ అనే కళా పాఠశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1933లో అమెరికా వెళ్లాడు. అరవై రెండేళ్ల వయసులో, 1950లో, చతురస్రాల వరస మొదలుపెట్టి 1976లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. వెయ్యికి పైగా చిత్రాలు, అన్నిటిలోనూ మూడో నాలుగో చదరాలే. మీ డిజైన్‌లో చదరాలన్నీ సరిగ్గా నడిమధ్యలో పెట్టారు. ఆయన అలా పెట్టలేదు. ప్రతి చదరం కిందికి దిగి ఉంటుంది. కింద ఒక వంతు ఖాళీ ఉంటే పక్కల రెండు వంతులు, పైన మూడు వంతులు. ఈ చిన్న కొలతతోనే చదరాలు బరువుగా కూర్చున్నట్టూ, లోపలికి దారి ఉన్నట్టూ అనిపిస్తాయి. మీరూ అదే కొలత వాడమని నేను అనను. కానీ నడిమధ్యలో ఎందుకు పెట్టారో ఒకసారి ఆలోచించండి. కంప్యూటర్‌లో సెంటర్ బటన్ నొక్కితే వచ్చిందనేదే కారణమైతే దాన్ని మార్చి చూడండి.

ఆల్బర్స్ స్క్రీన్ ప్రింట్లలో చాలావాటిని అమెరికాలోని న్యూ హేవెన్‌లో నార్మన్ ఐవ్స్, సువెల్ సిల్మన్ అనే ఇద్దరు చూసుకున్నారు. ఇద్దరూ యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. 1972లో వచ్చిన ఆయన రెండు సంపుటాల పోర్ట్‌ఫోలియోలో 127 స్క్రీన్ ప్రింట్లున్నాయి, ఎడిషన్ 1000. అంటే లక్షా ఇరవై ఏడు వేల ముద్రలు. ఒక్కో దానిలో ఎన్ని రంగులుంటే స్క్రీన్ అన్నిసార్లు దిగాలి. ఈ లెక్క చెప్పడానికి కారణం ఉంది. అంచు శుభ్రంగా రావడం ఎప్పుడో ఒకసారి కలిసొచ్చే అదృష్టం అనుకుంటే అన్ని వేల ప్రతుల్లో అది రాదు. దానికి ఒక పద్ధతుంది.

ఇక మీ ప్రూఫ్ దగ్గరికి వద్దాం. తెల్ల గీత కనబడగానే స్క్రీన్ జరపకండి. ఒకే రోజు వేసిన పది ప్రతులు వరసగా పరిచి, గీత ఎక్కడుందో చూడండి. అన్నిటిలోనూ ఒకే పక్కన, ఒకే మందంలో ఉంటే స్క్రీన్ జరిగింది, తేలిగ్గా సరిచేయొచ్చు. ఒక చివర ఏమీ లేకుండా మొదలై రెండో చివరకి వెళ్లేకొద్దీ పెరుగుతుంటే కాగితం సాగింది, లేదా స్క్రీన్ల మీదకి డిజైన్ ఎక్కించే రెండు ఫిల్ములకీ కొలత తేడా ఉంది, లేదా రెండు ఫ్రేములకి బిగించిన నేత, అంటే మెష్, బిగువు ఒకేలా లేదు. ఒక ప్రతిలో ఎడమన, ఇంకో ప్రతిలో కుడిన వస్తుంటే కాగితం పెట్టే చెయ్యి తప్పు. అలాంటప్పుడు కాగితాన్ని ప్రతి రంగుకీ అవే మూడు స్టాపర్లకి ఆనించాలి. పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. మొదటి రంగుకి ఏ మూల ఆనించారో ఐదో రంగుకీ అదే మూల. మా దగ్గర ఆ మూలన కాగితం వెనక పెన్సిల్‌తో చిన్న చుక్క పెడతాం.

చాలా పనుల్లో దొంగ కాగితమే. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక శ్రావణమాసంలో, అది పెళ్లిళ్ల సీజన్, షాపు నిండా కార్డులు, మధ్యలో ఒక ఆర్ట్ ఎడిషన్ ఒప్పుకున్నాను. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) కాటన్ కాగితం, పొడవు 70 సెంటీమీటర్లు. కట్ట విప్పిన రోజే మొదటి రెండు రంగులు వేశాం, అతికినట్టు కూర్చున్నాయి. ఆ రాత్రి మొదలైన వాన మూడు రోజులు ఆగలేదు. నాలుగో రోజు మూడో రంగు దించితే ఎడమ చివర సరిగ్గా ఉంది, కుడి చివర మిల్లీమీటరుకి పైగా తెలుపు. స్క్రీన్ కుడికి జరిపాను, ఎడమన తెలుపు వచ్చింది. మళ్లీ జరిపాను. సాయంత్రానికి అరవై కాగితాల్లో ఇరవై రెండే మిగిలాయి. తప్పు స్క్రీన్‌ది కాదనీ, కాగితం గాలిలో తేమ తాగి పెరిగిందనీ అప్పటికి గానీ తట్టలేదు. ఆ కాగితాల డబ్బు నా జీతంలోంచే పోయింది. ఆ మధ్యాహ్నం ఇంకా కళ్లముందే ఉంది.

అప్పటినుంచీ నా పద్ధతి ఇది. కట్ట విప్పి, ప్రింట్ వేసే గదిలోనే ర్యాక్ మీద రెండు రోజులు కాగితాన్ని ఆరనిస్తాను. వేడిగాలి డ్రయ్యర్ వాడే పనైతే, రంగేమీ లేకుండానే కాగితాలన్నిటినీ ఒకసారి డ్రయ్యర్‌లోంచి పంపిస్తాను. కుదించుకుపోయేదేదో మొదటి రంగు పడకముందే కుదించుకుపోతుంది. కాగితానికి కూడా బట్టకి ఉన్నట్టే పోగు దిశ ఉంటుంది. ఆ దిశకి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. అందుకే అన్ని కాగితాలూ ఒకే దిశలో కోసినవై ఉండాలి. కోయించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. నీళ్ల సిరా కాగితాన్ని తడిపి ఉబ్బిస్తుంది, పీవీసీ సిరా అలా చేయదు కానీ దాని థిన్నర్ వాసన ఊపిరితిత్తులకి మంచిది కాదు. కిటికీలు లేని గదిలో పీవీసీతో ఐదు రంగులు వేయించకండి, వేసే మనిషి కూడా మనిషే. మే నెలలో అయితే కష్టం వేరే రకంగా వస్తుంది. నీళ్ల సిరా మెష్‌లోనే ఎండిపోయి అంచులు తినేస్తుంది. దానికి సిరా త్వరగా ఎండకుండా కలిపే రిటార్డర్ ఉంది, పది ప్రతులకోసారి తడిబట్టతో తుడవడం ఉంది.

అంచు గురించి ఇంకో సంగతి, దీన్ని చాలామంది ప్రింటర్లు కూడా పట్టించుకోరు. భూతద్దం పెట్టి మీ ప్రూఫ్‌లో ఎరుపు చదరం పక్క గీతని చూడండి. నిటారు గీతలో అక్కడక్కడ చిన్న మెట్టులా జరిగి కనిపిస్తే, అది మెష్ పోగుల పని. స్క్రీన్ అంటే అడ్డం, నిలువు దారాల నేత. మీ గీత దారానికి దాదాపు సమాంతరంగా ఉండి, సరిగ్గా సమాంతరంగా లేకపోతే, గీత ఒక దారం మీద కొంతదూరం నడిచి పక్క దారం మీదకి దూకుతుంది. ఆ దూకిన చోటే మెట్టు. వంకర గీతలున్న బొమ్మలో ఇది ఎవరికీ తెలియదు, చతురస్రంలో మాత్రం దాగదు. అందుకే ఇలాంటి పనికి మెష్‌ని ఫ్రేముకి కాస్త ఏటవాలుగా బిగించమని అడుగుతాను, ఇరవై రెండు డిగ్రీల దగ్గర. అది కుదరకపోతే కనీసం 120 మెష్ (సెంటీమీటరుకి 120 దారాలు), సిరా పడకూడని చోట మెష్‌ని మూసే ఎమల్షన్ ఒక పూత అదనంగా, లేదా దాని బదులు అతికించే కాపిలరీ ఫిల్మ్. ఎమల్షన్ దారాల మధ్య ఖాళీలని నింపి వాటికంటే కాస్త ఎత్తుగా ఉంటే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. పూర్వం మా షాపులో ఎర్ర ఫిల్మ్‌ని నిజంగానే స్కేలు పెట్టి కత్తితో కోసేవాళ్లం. కత్తి రెండోసారి తగలకుండా మూల దగ్గర ఆపడం ఒక విద్య. నాకది నేర్పిన పెద్దాయన మూల దగ్గర ఊపిరి బిగబట్టేవారు. ఇప్పటికీ స్క్రీన్ మీద చతురస్రం మూల చూస్తే నాకు తెలియకుండానే ఊపిరి ఆగుతుంది.

ఇప్పుడు రంగుల వరస. మీ ఫైల్‌లో ఎరుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే నీలం మొదలైంది, ఒకదానిమీద ఒకటి ఎక్కడా ఎక్కలేదు. కంప్యూటర్ తెర మీద అది బాగుంటుంది, కాగితం మీద ఆ కొలత నిలబడదు. లేత రంగుని అన్ని వైపులా పావు మిల్లీమీటరు నుంచి 0.3 మిల్లీమీటరు దాకా పెంచి, దాని మీదకి ముదురు రంగు ఎక్కేలా ఫైల్ మార్చాలి. దీన్ని ట్రాప్ అంటాం. కంటికి కనబడే అంచు ఎప్పుడూ ముదురు రంగుదే, అందుకే అది చివర పడాలి. మీ డిజైన్‌లో నట్టనడుమ చదరం పసుపు కదా, చాలామంది చేసే పొరపాటు ముందు పెద్ద నీలం చదరం నిండుగా వేసేసి దాని మీద పసుపు వేయడం. నీలం మీద పసుపు ఎంత చిక్కగా వేసినా ఆకుపచ్చబారుతుంది. ముందు పసుపు, దాని చుట్టూ నడిమిలో ఖాళీ వదిలిన నీలం. అలా అని ట్రాప్ అర మిల్లీమీటరు దాటనివ్వకండి. దాటితే సిరా రెండు పొరలైన చోట గట్టులా లేచి, పక్కనుంచి వెలుతురు పడగానే సన్నని నీడ గీత కనిపిస్తుంది. తెల్ల గీత పోయి నల్ల గీత వచ్చినట్టవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇష్టమైన దారి. రంగు మీద రంగు ఎక్కిన ఆ భాగాన్ని దాచకుండా డిజైన్‌లోనే కలుపుకోవడం. పారదర్శక సిరా వాడితే పసుపు మీద నీలం ఎక్కిన చోట ఆకుపచ్చ వస్తుంది. దాన్ని వెంట్రుకంత కాకుండా వేలంత వెడల్పు చేసి, మూడో ఆకారంగా ఉంచండి. మూడు స్క్రీన్లతో ఐదు రంగులు వస్తాయి, ఖర్చు తగ్గుతుంది, పైగా ప్రింట్ మాత్రమే చేయగల పని అవుతుంది. త్రిభుజాల వైపు దీన్ని ప్రయత్నించి చూడండి.

రంగులు చప్పబడటం గురించి. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, సిరా కాగితం మీద పడ్డ వెలుగులో కొంత మింగేసి మిగిలింది చూపిస్తుంది. తెర మీద మెరిసే ఆ నీలం, ఆ నారింజ ఏ డబ్బాలోనూ లేవు. కాబట్టి తెరతో పోల్చడం మానేయండి. ప్రింటర్ దగ్గర కూర్చుని, మీరు వాడబోయే కాగితం మీదే, మీరు వాడబోయే మెష్‌తోనే సిరా గీయించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ ముక్కల్లోంచి ఎంచుకోండి. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. మాట్ సిరాలైతే ఆరాక కొంచెం బూడిదబారతాయి. చప్పగా ఉందని ఫ్లోరసెంట్ కలపమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, వెలుతురుకి ముందు వెలిసిపోయేవి అవే. గోడకి పెట్టుకున్నవాళ్లింట్లో కొన్నేళ్లకే మీ ఎరుపు వేరే ఎరుపు అవుతుంది.

అయితే ఎంచుకున్న ముక్కలు విడివిడిగా చూస్తే సరిపోదు. ఒకసారి ఒక చిత్రకారిణికి బూడిదరంగు చదరాలు వేశాను, కొన్ని నారింజ మీద, కొన్ని ముదురు నీలం మీద. ఆమె ప్రూఫ్ చూసి, "రెండు బూడిదలు ఎందుకు వేశారండీ, నేనిచ్చింది ఒకటే కదా" అన్నారు. రెండూ ఒకే డబ్బాలోవి. నేను మాట్లాడకుండా ఒక తెల్ల అట్ట తీసుకుని, రెండు చోట్ల గోరంత రంధ్రాలు చేసి, ఒకటి నారింజ మధ్య ఉన్న బూడిద మీదా, ఇంకొకటి నీలం మధ్య ఉన్న బూడిద మీదా వచ్చేలా పెట్టాను. రెండూ అచ్చం ఒకటే. అట్ట తీయగానే మళ్లీ రెండైపోయాయి. నారింజ మధ్యది నీలిబారింది, నీలం మధ్యది కాస్త వెచ్చబడి లేతగా తేలింది. ఆమె అట్ట పెడుతూ తీస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆల్బర్స్ తరగతిలో చేయించింది ఈ పనే. రంగులు కలపనివ్వకుండా రంగు కాగితాలు కోసి పక్కపక్కన పెట్టించేవాడు. మీరూ స్క్రీన్ చేయించేలోపు ఆ పని చేయండి. ఆరిన సిరా ముక్కలు కోసి, డిజైన్‌లో ఉన్న పక్కలతోనే అమర్చి చూడండి. ఐదు రంగుల్లో ఒకటి మార్చాల్సి వస్తుందని నా అంచనా. ఆ ఎరుపూ ఆ నీలమూ ఒకే స్థాయి ముదురులో ఉన్నాయి, అలాంటి రెండు కలిస్తే అంచు వణికినట్టుంటుంది. మీకు ఆ వణుకే కావాలంటే ఉంచండి, బ్రిడ్జెట్ రైలీ, వాసరెలీ లాంటి చిత్రకారులు కన్ను నిలవనివ్వకపోవడాన్నే తమ పనిగా చేసుకున్నారు. వద్దనుకుంటే నీలాన్ని ఒక మెట్టు ముదురు చేయండి.

సిరా కలిపేటప్పుడు త్రాసు పెట్టి, గ్రాముల్లో రాసుకోమని చెప్పండి. "కొంచెం తెలుపు, కాస్త మెజెంటా" అంటే రెండోసారి రాదు. మీ పెద్ద చదరం 50 సెంటీమీటర్లు, అంటే పావు చదరపు మీటరు. 70 కాగితాలకి పదిహేడున్నర చదరపు మీటర్లు. 120 మెష్‌తో మా షాపు లెక్క ప్రకారం అర కిలో సిరా పడుతుంది. నేనైతే ముప్పావు కిలో కలుపుతాను. మిగిలితే పారేయొచ్చు, నలభయ్యో కాగితం దగ్గర అయిపోతే మళ్లీ కలిపిన ఎరుపు ఎంత దగ్గరగా వచ్చినా వేరే ఎరుపే. 50 ప్రతుల ఎడిషన్‌కి 70 కాగితాలు ఎందుకంటారా? ఐదు రంగులు, ఒక్కో రంగుకి రెండు మూడు పోవడం మంచి రోజున జరిగేది. ప్రూఫులకి నాలుగైదు కావాలి. కాగితం దగ్గర పొదుపు చేసి ఎడిషన్ 43 దగ్గర ఆగిపోయినవాళ్లని చూశాను.

ఇక్కడ ఒక పక్కమాట. మీ త్రిభుజాలకి పోచంపల్లి చీరే స్ఫూర్తి అని రాశారు. ఇక్కత్‌లో నేతకి ముందే దారాన్ని కట్టి రంగేస్తారు కాబట్టి, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ అయి అంచు కరిగినట్టుంటుంది. అది కూడా రిజిస్ట్రేషనే, అక్కడ ఆ కరగడమే అందం. అదే ఆకారాన్ని స్క్రీన్ ప్రింట్‌లోకి తెచ్చి అంచు కత్తిలా చేస్తే చాలాసార్లు ప్రాణం పోతుంది. ఆల్బర్స్ భార్య ఆనీ ఆల్బర్స్ నేతగత్తె. 1960ల్లో అమెరికాలోని టామరిండ్ లిథోగ్రఫీ వర్క్‌షాప్‌లో ప్రింట్ల రుచి తెలిసి, తర్వాత మగ్గం వదిలేసి పూర్తిగా ప్రింట్ల వైపు వచ్చేసింది. ఆమె త్రిభుజాలు నేత బొమ్మకి నకళ్లు కావు, ఒక గడి పక్కన ఇంకో గడి కూర్చునే నేత ఆలోచనని ఆమె తెచ్చుకుంది. మీ త్రిభుజాల్లో ఆ మెట్టుమెట్టు అంచుని ఫోటోలోంచి అలాగే తీసుకున్నట్టున్నారు. దాన్ని వదిలేసి, చీరలో ఆకారాలు ఎలా తిరగబడి మళ్లీ వస్తాయో ఆ లయ ఒక్కటే తీసుకుంటే మేలని నాకనిపిస్తోంది.

ఎడిషన్ సంగతి. కింద ఎడమ పక్కన పెన్సిల్‌తో 12/50 అని రాస్తే, ఒకేలాంటి యాభైలో ఇది పన్నెండోదని. కుడిన సంతకం, పేరుంటే నడుమ. వీటికి బయట ఏపీ అని చిత్రకారుడి ప్రతులు, మామూలుగా పదో వంతు, అంటే మీకు ఐదు. మీరు "ఇలాగే వేయండి" అని ఒప్పుకున్న ప్రూఫ్‌ని ఫ్రెంచి మాటతో బీఏటీ అంటారు. మిగతా యాభై దానితో పోల్చి, తేడా ఉన్నది చించేయాలి. నంబరు చిన్నదైతే ముద్ర మంచిదని కొనేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. రాగిరేకు మీద సూదితో గీసి తీసే డ్రైపాయింట్‌లో అది నిజం, రేకు అరిగిపోతుంది కాబట్టి. స్క్రీన్‌లో ఒకటోదీ యాభయ్యోదీ ఒకటే.

స్క్రీన్ జాగ్రత్తగా వాడితే యాభై కాదు, కొన్ని వేలు వేయొచ్చు. అంటే ఇక్కడ లిమిటెడ్ అనే మాట పనిముట్టు పెట్టిన హద్దు కాదు, మీరిచ్చిన మాట. పూర్వం ఫిల్ములు చింపేసి, స్క్రీన్ కడిగేస్తే అయిపోయేది. ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. రేపు ఎవరో కొంచెం చిన్న సైజులో ఇంకో వంద కావాలంటారు. ఇస్తే మీ దగ్గర మొదట కొన్నవాళ్ల ప్రతి ఏమవుతుంది? రంగులు మార్చి రెండో ఎడిషన్ వేయాలని ముందే ఉంటే, మొదటిది అమ్మేటప్పుడే ఆ సంగతి రాసి ఇవ్వండి. నేను ప్రతి ఎడిషన్‌కీ ఒక కాగితం రాస్తాను. ఎన్ని రంగులు, ఏ కాగితం, ఏ సిరా, ఎన్ని ప్రతులు, ఎన్ని ఏపీలు, స్క్రీన్లు ఏ రోజు కడిగేశాం. కింద చిత్రకారుడి సంతకం, నా సంతకం. కొన్నవాళ్లు అడగకపోయినా ఇస్తాను.

ఇంక్‌జెట్ గురించి అడిగారు. ఇంక్‌జెట్ తప్పు పని కాదు. మంచి పిగ్మెంట్ సిరాతో, కాటన్ కాగితం మీద తీసిన ప్రింట్లు చాలాకాలం ఉంటాయి, కొన్ని పనులకి అదే సరైన దారి. కానీ పది రెట్ల లెన్సు పెట్టి రెండూ పక్కపక్కన చూడండి. ఇంక్‌జెట్ ఎరుపు మెజెంటా, పసుపు చుక్కల తుంపర. నీలంతో కలిసే చోట ఆ చుక్కలే అటూ ఇటూ చెదిరి ఉంటాయి. స్క్రీన్ ఎరుపు ఒకే సిరా, ఒకే పొర, అంచుదాకా నిండుగా. మామూలు దూరం నుంచి చుక్కలు కనపడవు, అయినా ఆ నిండుతనం తెలుస్తుంది. మీ పని మొత్తం అంచు మీదా, నిండు రంగు మీదా నిలబడింది కాబట్టి స్క్రీనే వేయించమంటాను. ఇంక్‌జెట్టే తీయిస్తే, కింద పిగ్మెంట్ ప్రింట్ అని రాయండి, సెరిగ్రాఫ్ అని మాత్రం రాయకండి. 1930ల చివర్లో న్యూయార్క్‌లో ఆంథనీ వెలోనిస్, ఆయన తోటివాళ్లు బోర్డుల పనినుంచీ పోస్టర్ల పనినుంచీ స్క్రీన్ ప్రింట్‌ని కళగా నిలబెట్టారు. ఆ రోజుల్లోనే సెరిగ్రాఫ్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. పెళ్లికార్డుల బల్ల దగ్గర మొదలైన నాకు ఆ పేరంటే గౌరవం. దాన్ని వేరే పనికి తగిలిస్తే బాధనిపిస్తుంది.

రంగుకో స్క్రీన్ అంటే ఖర్చు కదా, ఒకే అచ్చుమీద అన్ని రంగులూ రావా అని చివర్లో అడిగారు. స్క్రీన్‌లో రావు. రాగి, జింకు రేకుల మీద వస్తాయి. ఆ దారి వేసినవాళ్లలో మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు ఒకరు. పారిస్‌లో హేటర్ అనే ప్రింట్ కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే వర్క్‌షాప్‌లో పనిచేస్తూ, సిరాలో నూనె పాళ్లు మార్చి ఒక సిరా ఇంకో సిరాని తోసేసేలా చేసి, గట్టి రోలర్ పైభాగాన్నీ మెత్తటి రోలర్ లోతుల్నీ తాకేలా చూసి, ఒకే రేకు మీద ఒకేసారి పలు రంగులు తీశారు. ఆయనవి మీలాంటి గీతల చతురస్రాలు కావు, నీళ్లూ అలలూ విత్తనాల లాంటి కదిలే రూపాలు. ఆ పద్ధతిలో రంగు రంగులోకి జారిపోతుంది. మీ డిజైన్‌కి అది పనికిరాదు, కానీ ఎక్కడైనా ఆయన ప్రింట్ చూసే అవకాశం వస్తే వదులుకోకండి, రంగు అంచు లేకుండా ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

మీ ప్రింటర్‌తో గొడవ పడకండి. ఐదు రంగులు అంత దగ్గరగా తెచ్చిన మనిషికి చెయ్యి ఉంది, ఇలాంటి పని ఆయనకి కొత్త అయ్యుంటుంది, అంతే. ఫైల్‌లో ట్రాప్ పెట్టి, కాగితం రెండు రోజులు ఆ గదిలో ఉంచి, పసుపు, ఎరుపు, నీలం మూడే రంగులు పది కాగితాల మీద వేయమనండి. మిగతావి ఇప్పుడే వద్దు. ఆరాక నడిమి చదరం కుడివైపు కింది మూలని, పక్కనుంచి ఏటవాలుగా లైటు పడేలా పెట్టి దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పదింటిలో మొదటిదీ ఐదోదీ పదోదీ, మూడు ఫోటోలు. గీత ఎటు పెరుగుతోందో చూసి మిగతాది చెబుతాను.